కోరంటి కాలంలో బడి

సాయిబులకు చదువు అబ్బదని ఒక మాట ఉంది. తెలుగువాళ్లు నవ్వుతూ అంటారు, మనవాళ్లు ఏడుస్తూ అంటారు. తెలుగు పత్రికాఫీసులో టీ తాగుతూ, 'మీవాళ్లు పిల్లల్ని బడి మాన్పించి పంక్చర్ షాపుల్లో పెడతారు కదా' అని ఒక మిత్రుడు నా భుజం మీద చెయ్యేసి అడుగుతాడు. ఆ సాయంత్రమే ఒక ఉర్దూ జల్సాలో పెద్దమనిషి మైకు ముందు నిలబడి, 'హమారీ ఖౌమ్ పఢ్‌తీ నహీఁ' అని కంటతడి పెడతాడు. వీళ్లిద్దరికీ ఒకరి ముఖం ఒకరికి తెలీదు. చెప్పేది మాత్రం ఒకటే. రెండు భాషల్లోనూ రాసి బతుకుతున్నవాణ్ణి కనుక ఈ మాటను నేను రెండుసార్లు వినాల్సి వస్తోంది. కొన్నిసార్లు తర్జుమా కూడా చేయాల్సి వస్తోంది.

ఈ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి మనకో కాలం దొరికింది. 2020 మార్చి నుంచి 2022 ఫిబ్రవరి దాకా, మధ్యలో కాస్త తెరిచి మళ్లీ మూసి, బడులు మూతబడ్డ ఆ రెండేళ్లు. చదువంటే పట్టని ఇళ్లలో బడి మూతబడితే ఏం జరగాలి? ఏమీ జరగకూడదు. పీడా పోయిందనుకోవాలి. కానీ మన బస్తీల్లో అలా జరగలేదు. రోగం గురించి ఎంత భయపడ్డారో పిల్లల చదువు గురించీ అంతే భయపడ్డారు. ఆ భయానికి ఒక చరిత్ర ఉంది. దాన్ని చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ముందు ఆ మాట ఎక్కడ పుట్టిందో చూద్దాం. 1871లో డబ్ల్యూ.డబ్ల్యూ. హంటర్ అనే బ్రిటిష్ అధికారి 'ది ఇండియన్ ముసల్మాన్స్' అనే పుస్తకం అచ్చేశాడు. ముస్లింలు సర్కారు బడికి రావడం లేదన్న వాదానికి అది ఆధారగ్రంథం అయిపోయింది. తాను రాస్తున్నది దిగువ బెంగాల్ గురించేనని హంటరే అందులో చెప్పుకున్నాడు. ఆ ముక్క ఎవరికీ గుర్తు లేదు. కర్నూలు ముసల్మానుకూ, కరీంనగర్ ముసల్మానుకూ అదే చొక్కా తొడిగారు. పైగా ఆ బెంగాల్ ముస్లింలు బడికి దూరంగా ఉన్నది సోమరితనం వల్లనని కూడా ఆయన అనలేదు. ఆ బడిలో వాళ్ల భాష లేదు, వాళ్ల ఉస్తాదులు లేరు, వాళ్ల దీన్‌కు చోటు లేదు అన్నాడు. నేరం బడిది అని రాసిన పుస్తకాన్ని నేరం పిల్లవాడిది అని చదువుకున్నారు. నూట ముప్ఫై అయిదేళ్ల తర్వాత, 2006లో, సచార్ కమిటీ లెక్కలు తీసింది. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది బడి ముఖం చూడనివాళ్లో మధ్యలో మానేసినవాళ్లో అని తేల్చింది. ఈ అంకెను అందరూ ఎత్తి చూపించారు. అదే నివేదికలో ఇంకో అంకె ఉంది. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు వెళ్లేవాళ్లు నూటికి ముగ్గురే. మిగతా తల్లిదండ్రులకు కావలసింది మామూలు బడే. ఈ అంకెను ఎత్తి చూపించినవాళ్లను నేను చాలా తక్కువ మందిని చూశాను.

ఇక రోగాల చరిత్ర. 1896లో బొంబాయికి ప్లేగు వచ్చింది. 1897లో తెల్లదొరలు అంటువ్యాధుల చట్టం తెచ్చారు. పూనాలో సోల్జర్లు ఇళ్లలోకి జొరబడి, ఆడవాళ్లని కూడా చూడకుండా సోదాలు చేశారు. ఆ కోపంలోనే ప్లేగు అధికారి రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. ఘోషా ఉన్న ఇళ్లలో, అది హిందువుల ఇల్లయినా ముస్లింల ఇల్లయినా, రోగం కంటే సర్కారు మనిషి గుమ్మం తొక్కడమే పెద్ద భయమైంది. 2020లో మన తలుపులు తట్టింది కూడా ఆ 1897 చట్టమే. నూట ఇరవై మూడేళ్ల తర్వాత అది బూజు దులుపుకుని లేచింది.

ప్లేగు హైదరాబాదుకూ వచ్చింది. 1908 మూసీ వరద నగరాన్ని తుడిచిపెట్టిన మూడేళ్లకే, 1911లో, ప్లేగు విరుచుకుపడింది. ఇరుకు బస్తీలను విప్పి వెడల్పు చేయడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. 1915లో ఇర్రంనుమా దగ్గర అంటురోగులను వేరుగా ఉంచే ఆసుపత్రి పెట్టి, 1923లో దాన్ని నల్లకుంటకు మార్చారు. ఇంగ్లీషులో క్వారంటైన్ అన్న మాట మన జనం నోట్లో పడి 'కోరంటి' అయింది. సర్కారు దానికి ఎన్ని పేర్లు మార్చినా హైదరాబాదీలకు అది కోరంటి దవాఖానాయే. 2020లో టీవీలవాళ్లు క్వారంటైన్, క్వారంటైన్ అని కొత్త మాట నేర్పుతుంటే పాతబస్తీ ముసలమ్మలు నవ్వుకున్నారు. వాళ్ల అమ్మమ్మల కాలం నుంచీ ఆ మాట వాళ్ల దగ్గర ఉంది. ప్లేగు అంటే ఊరు ఖాళీ చేసి పొలాల్లో గుడిసెలు వేసుకోవడమని దక్కన్ పల్లెల్లో పెద్దవాళ్లు చెప్పుకునేవారు. ఇల్లు వదిలారు, గొడ్డూగోదా తోలుకుపోయారు, చచ్చినవాళ్లను మోయడానికి మనుషుల్లేరు అని చెప్పేవారు. ఆ కథల్లో పిల్లలకు బడి పోయిందన్న మాట మాత్రం నేనెప్పుడూ వినలేదు.

1918 చూడండి. ఆ వేసవిలో బొంబాయి రేవులో దిగిన ఇన్‌ఫ్లుయెంజా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో దేశమంతా పాకింది. వానలు కూడా ఆ ఏడే ఎగ్గొట్టాయి. దేశంలో కోటీ ఇరవై లక్షలకు తక్కువ కాకుండా చనిపోయారని అంచనా, అంతకంటే ఎక్కువ చెప్పేవాళ్లూ ఉన్నారు. నిజాం రాజ్యంలో 1911 జనాభా లెక్కల్లో 1 కోటి 33 లక్షల 74 వేల మంది ఉంటే, 1921 నాటికి 1 కోటి 24 లక్షల 71 వేలకు పడిపోయింది. పదేళ్లలో పెరగాల్సిన జనం తొమ్మిది లక్షలు తరిగిపోయారు. ప్లేగు, కరువు, ఇన్‌ఫ్లుయెంజా కలిసి తిన్నాయి. ఇన్‌ఫ్లుయెంజా ఎక్కువగా తిన్నది నడివయసు కూడా రానివాళ్లను, అంటే చంటిపిల్లల తల్లిదండ్రులను.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1918 సెప్టెంబరు 22న, ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపనకు ఏడవ నిజాం ఫర్మానా వెలువడింది. ఒక దేశీభాషలో పైచదువులు చెప్పే గొప్ప ప్రయోగం అది. అందుకు నేనూ గర్వపడతాను. కానీ ఆ సెప్టెంబరులో రాజ్యంలో చదవడం రాయడం వచ్చినవాళ్లు నూటికి అయిదుగురు కూడా లేరు. 1907లో మహబూబియా బాలికల పాఠశాల తెరిచారు, అది నవాబుల, పెద్ద ఉద్యోగుల ఆడపిల్లలకు. చార్మినార్ వెనక జరీ పనివాడి కూతురికి కాదు. ఇన్‌ఫ్లుయెంజాతో పిల్లవాడి చదువు ఆగిపోయిందని ఏ సాయిబూ, ఏ మాదిగా, ఏ సాలోడూ గోలపెట్టి ఉండడు. ఏడవాలంటే ముందు బడి ఉండాలి కదా!

నేను చెప్పదలచుకున్నది ఇదే. రోగం వస్తే ప్రాణం గురించి భయపడటం అన్ని కాలాల్లోనూ ఉంది. పదిహేనో శతాబ్దంలో కైరోలో ఇబ్న్ హజర్ అస్కలానీ అనే మహా హదీసు పండితుడు ప్లేగుకు ముగ్గురు కూతుళ్లను పోగొట్టుకుని ప్లేగు మీదే ఒక పుస్తకం రాశాడు. జనమంతా ఒకచోట చేరి సామూహిక దుఆ చేశాక చావులు తగ్గకపోగా పెరిగాయని అందులో నిక్కచ్చిగా నమోదు చేశాడు. (2020లో మసీదులు మూయడమేమిటని వాదించినవాళ్లకు ఈ పుస్తకం పేరు తెలిసినట్టు లేదు. ముసల్మానులు రోగాన్ని లెక్కచేయరని టీవీల్లో అరిచినవాళ్లకూ తెలిసినట్టు లేదు.) ప్రాణభయం పాతదే. బడి పోతుందన్న భయం మాత్రం కొత్తది. 1918లో అది లేదు, 2020లో ఉంది. ఈ మధ్య నూరేళ్లలో ఎవరో కష్టపడి దాన్ని సంపాదించారు.

ఎవరు సంపాదించారు? నవాబులు కాదు. కొందరు ఆడవాళ్ల పేర్లు చెప్పుకోవాలి. సుఘ్రా హుమాయూన్ మీర్జా 'అన్నిసా' పత్రిక నడిపింది, 1934లో హైదరాబాదులో సఫ్దరియా బాలికల పాఠశాల పెట్టింది. అలాంటివాళ్లు తక్కువ. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. నిజాం రాజ్యంలో తెలుగు పిల్లవాడికి ఉర్దూ బడి పెట్టారు. సొంతంగా తెలుగు బడి పెట్టుకుందామంటే అనుమతుల చిక్కు పెట్టారు. ఇంటి భాష ఒకటీ బడి భాష ఒకటీ అయితే పిల్లవాడు ఎలా నలుగుతాడో తెలంగాణ తెలుగువాళ్లకు ఆ రోజుల్లోనే తెలుసు. 1948 తర్వాత ఉర్దూ పిల్లలకు తెలిసివచ్చింది. ఉస్మానియాలో ఉర్దూ బోధన పోయింది. ఉర్దూ చదువుతో వచ్చే నౌకరీలు పోయాయి. కొలువులు పోగొట్టుకున్న తండ్రులు పిల్లల చదువులకు ఇంటి సామాను అమ్ముకున్న కథలు మన ఇళ్లలో కొల్లలు.

తర్వాత గల్ఫ్ వచ్చింది. 1970ల నుంచి పాతబస్తీ కుర్రాళ్లు జిద్దా, దుబాయి, కువైట్ వెళ్లి వెల్డింగ్ చేసి, కార్లు తోలి డబ్బు పంపారు. ఆ డబ్బుతో ఇళ్లు కట్టుకున్నారు, ఆడపిల్లల పెళ్లిళ్లు చేశారు, అత్తరు కొన్నారు అని రాస్తారు. నిజమే. ఆ డబ్బుతోనే పిల్లలను ఇంగ్లీషు మీడియం బడుల్లోనూ వేశారు. గల్లీకి ఒక బడి పుట్టింది. రెండంతస్తుల ఇల్లు, పైన రేకుల షెడ్డు, నాలుగు అడుగుల గేటు, దాని మీద పెద్ద ఇంగ్లీషు పేరు. ఆట స్థలం లేదు, లైబ్రరీ లేదు. వాటిని చూసి నవ్వేవాళ్లలో ఒకప్పుడు నేనూ ఉండేవాణ్ణి, ఇప్పుడు నవ్వడం లేదు. సర్కారు బడిలో ఉర్దూ పంతులు పోస్టు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటే, ఆటో తోలేవాడు తన సంపాదనలోంచి నెలనెలా ఫీజు కట్టి నిలబెట్టిన బడులవి. 2016లో తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ గురుకులాలు 71తో మొదలుపెట్టి తర్వాత 204కు పెంచింది. వాటిలో దాదాపు సగం ఆడపిల్లలవి. ఆడపిల్లను హాస్టలుకు పంపరని మనవాళ్లే అన్నారు. పంపారు.

ఈ నూరేళ్ల సంపాదన ఉన్నప్పుడు 2020 మార్చి వచ్చింది.

మార్చి 2న తెలంగాణలో తొలి కేసు. 16 నుంచి బడులు మూత. ఆంధ్రప్రదేశ్‌లో 19 నుంచి. మొదట్లో నెలాఖరు దాకానే అన్నారు. పిల్లలు ఎగిరారు, తల్లులు కూడా అంతగా పట్టించుకోలేదు. పదో తరగతి ఇళ్లలో మాత్రం గుండెలు కొట్టుకున్నాయి. తెలంగాణలో 19న పరీక్షలు మొదలై మూడు పేపర్లు కాగానే హైకోర్టు ఆపమంది. జూన్ 8న ప్రభుత్వం 5 లక్షల 34 వేల మందినీ పరీక్ష లేకుండానే పాస్ చేసింది. ఉన్నవాళ్ల ఇళ్లలో మిఠాయిలు పంచుకున్నారు. మనవాళ్లలో చాలా ఇళ్లలో ఆ పిల్లవాడే వంశంలో తొలి మెట్రిక్. 'పరీక్ష రాయకుండా పాసయినవాడికి రేపు నౌకరీ ఇస్తారా?' అన్నది ఆ తండ్రుల సందేహం. చదువుకున్న కుటుంబానికి సర్టిఫికెట్ ఒక కాగితం. తొలిసారి చదువుకున్న కుటుంబానికి అది ఆస్తి దస్తావేజు లాంటిది. దాని మీద మచ్చ ఉండకూడదు.

మచ్చ వేరే చోట నుంచి వచ్చింది. మార్చి 30 రాత్రి, ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్లివచ్చినవాళ్లలో ఆరుగురు చనిపోయారని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. తెల్లారేసరికి రోగానికి గడ్డం మొలిచింది, టోపీ పెట్టుకుంది. మర్కజ్ పెద్దలది తెలివితక్కువ పనే, దాన్ని నేను వెనకేసుకురాను. కానీ ఆ నెలలో గుంపులు కట్టింది వాళ్లొక్కరేనా? 'కరోనా జిహాద్' అన్న మాట టీవీల నుంచి గల్లీల్లోకి వచ్చింది. కూరగాయలు అమ్మేవాణ్ణి పేరడిగారు. ఆ ఏప్రిల్ నెలలో ఉర్దూ పత్రిక చదివే ఇంటి భయం వేరు, తెలుగు పత్రిక చదివే ఇంటి భయం వేరు. ఒక ఇంట్లో రోగం భయం, ఇంకో ఇంట్లో రోగమూ పొరుగువాడూ కలిసిన భయం. ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి తబ్లీగీ విదేశీయుల మీద కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులను చేశారని అంది. ఆ తీర్పు పత్రికల్లో లోపలి పేజీల్లోకి వెళ్లింది.

దీనికీ బడికీ ఏమిటి సంబంధం అంటారా? ఉంది. నల్గొండలోనో గుంటూరులోనో క్లాసు మొత్తానికి ఒక్క ముస్లిం పిల్లవాడు చదివే చోట, బడి మళ్లీ తెరిచాక వాణ్ణి ఏమని పిలుస్తారు? ఈ ప్రశ్న నన్ను అడిగిన తల్లులు ఒకరిద్దరు కాదు. మిగతా తల్లులు బడి ఎప్పుడు తెరుస్తారని ఎదురుచూశారు. వీళ్లు ఎదురుచూశారు, భయపడ్డారు కూడా. ఏ తల్లిదండ్రుల సర్వేలోనూ ఈ భయానికి గడి ఉండదు.

2020 సెప్టెంబరు 1న తెలంగాణలో టీవీ పాఠాలు మొదలయ్యాయి. దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానెళ్లలో తరగతివారీగా టైంటేబుల్ ఇచ్చారు. ఒక్క గది ఇంట్లో ఒక్క టీవీ, ముగ్గురు పిల్లలు, మూడు తరగతులు. పైగా ఉర్దూ మీడియం పిల్లవాడికి మా పాఠం ఎప్పుడు, మా పాఠం ఏది అని అడిగి తెచ్చుకోవాల్సిన గతి. ప్రైవేటు బడులవాళ్లు ఫోనులో చెబుతామన్నారు. ఇంట్లో ఉన్న స్మార్ట్‌ఫోను ఒకటే. అది పొద్దున్నే తండ్రితో పాటు ఆటో ఎక్కి వెళ్లిపోతుంది, రాత్రి తొమ్మిదికి వస్తుంది. పొద్దుటి పాఠం పిల్లవాడు రాత్రి పదింటికి చూస్తాడు, నెట్ బ్యాలెన్స్ మిగిలి ఉంటే. ఇద్దరు పిల్లలుంటే ఫోను ఎవరికి ఇవ్వాలి? కొడుక్కి. ఇది ముస్లిం ఇళ్ల సంగతి మాత్రమే కాదు, కానీ ముస్లిం ఇళ్లలో జరగలేదని నేను అబద్ధం ఆడను. తల్లి మాత్రం ఏం చేస్తుంది? ఆమెకు ఖురాన్ చదవడం వచ్చు, ఉర్దూ కాస్త వచ్చు. పిల్ల పుస్తకం ఇంగ్లీషు. పక్కన కూర్చుని పేజీ తిప్పడం తప్ప ఆమె ఏమీ చెప్పలేదు. 'బచ్చే కా సాల్ బర్బాద్ హోగయా' అన్న మాట ఆ ఏడాది మన ఇళ్లలో సలాం తర్వాత సలాంలా వినిపించింది.

2021 ఆగస్టులో జాఁ ద్రేజ్, రీతికా ఖేరా తదితరులు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో సుమారు 1,400 మంది పేద పిల్లల ఇళ్లకు వెళ్లి చూశారు. పల్లెల్లో క్రమంగా ఆన్‌లైన్ చదువు సాగుతున్నది నూటికి 8 మందికే. 37 మంది అసలు చదవడమే లేదు. బడి తెరవాలా అని అడిగితే పల్లె తల్లిదండ్రుల్లో నూటికి 97 మంది తెరవండి అన్నారు. సందేహించినవాళ్లు ఎక్కువగా పట్నాల్లో, ఇంట్లో మరో దారి ఉన్నవాళ్లు. బడి తెరవొద్దని పట్నంలో వాదించిన తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. బిడ్డ ప్రాణం ఎవరికైనా బిడ్డ ప్రాణమే. కానీ ఆ రెండేళ్లూ పత్రికల్లో తల్లిదండ్రుల ఆందోళన అని అచ్చయింది ఎక్కువగా వాళ్లదే. ఆ 97 మంది ఆందోళన విడిగా వార్త కాలేదు.

గల్లీ బడుల సంగతి చెప్పాలి. 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వం జీవో 46 ఇచ్చింది. ఆ ఏడు ఫీజులు పెంచొద్దు, ట్యూషన్ ఫీజు మాత్రమే, అదీ నెలనెలా తీసుకోవాలి అంది. పెద్ద బడుల మీద పోరాడిన తల్లిదండ్రులకు అది ఆయుధం. గల్లీలో మాత్రం ఇద్దరూ ఒకే పడవలో మునిగారు. తండ్రి గల్ఫ్‌లో పని పోగొట్టుకుని మే నెల నుంచి నడిపిన ప్రత్యేక విమానాల్లో ఉత్త చేతులతో దిగాడు. ఫీజు ఎక్కడి నుంచి కడతాడు? ఫీజు రాకపోతే బడివాడు టీచరుకు జీతం ఎక్కడి నుంచి ఇస్తాడు? ఆ టీచరు ఎవరనుకున్నారు? అదే గల్లీలో ఇంటరో డిగ్రీయో చదివిన అమ్మాయి. బురఖా వేసుకుని నడిచి వెళ్లగలిగిన ఒకే ఒక్క ఉద్యోగం అది. ఆ జీతంతో ఆమె ప్రైవేటుగా బి.ఎడ్. కట్టుకుంటోంది, తమ్ముణ్ణి చదివిస్తోంది. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. తీసుకున్నారు. పంతులమ్మ రేషను వరుసలో నిలబడితే, చదువుకుంటే ఏమొస్తుందని అడిగే తండ్రికి ఎదురుగా ఒక జవాబు నిలబడినట్టయింది.

ఫీజు బాకీ ఉన్నవాళ్లకు టి.సి. ఇవ్వని బడులు చాలా ఉన్నాయి. మా చిన్నమ్మాయి బడి కూడా, పేరెందుకు గాని, ఆన్‌లైన్ క్లాసుల గ్రూపులోంచి బాకీదారుల పిల్లల నంబర్లు ఒక సాయంత్రం తీసేసింది. మాది కట్టగలిగాం. కట్టలేనివాళ్ల పిల్లలు ఆ రోజు నుంచి ఏ బడిలోనూ లేరు, ఏ లెక్కలోనూ డ్రాపౌట్లు కారు. పాత బడి రిజిస్టరులో పేరు ఉంది, కొత్త బడికి వెళ్లడానికి కాగితం లేదు. ఆ మధ్యలో ఎంతమంది జారిపోయారో! మగపిల్లవాడయితే మెకానిక్ షెడ్డుకో, గాజుల బట్టీకో వెళ్లాడు. 'బడి తెరిచేదాకా' అని పంపారు. నెలకు మూడు నాలుగు వేలు ఇంటికి వచ్చాక బడి తెరిచినా వాణ్ణి వెనక్కి తేవడం తండ్రికి సులువు కాదు. తండ్రిని తిట్టడం మనకు సులువు.

ఆడపిల్లయితే పెళ్లి. లాక్‌డౌన్‌లో పెళ్లికి 50 మందిని మించకూడదన్నారు. మన సమాజంలో పెళ్లి ఖర్చు ఎలాంటి గుదిబండో అందరికీ తెలుసు. ఫంక్షన్ హాలు లేదు, బిర్యానీ దేగ్‌లు లేవు, వెయ్యి మంది లేరు. ఇంట్లో నిఖా చేసి ఖజూర్ పంచి పంపేయొచ్చు. సంస్కర్తలు వందేళ్లు అడిగిన సాదా పెళ్లి రోగం పుణ్యమా అని వచ్చింది. సంతోషించాల్సిందే. కానీ అప్పు లేకుండా పెళ్లి అయిపోయే అవకాశం మళ్లీ రాదేమోనన్న తొందరలో, ఇంటర్ చదివే పిల్లకు, పదో తరగతి దాటిన పిల్లకు సంబంధాలు చూశారు. పద్దెనిమిది నిండితేగాని షాదీ ముబారక్ డబ్బు రాదన్న లెక్క కొందరిని ఆపింది. బడి తెరిచి ఉంటే ఇంకెంతో మందిని ఆపేది. బడి ఉన్నంతకాలం తల్లి చేతిలో ఒక సాకు ఉంటుంది, 'పిల్ల చదువుతోంది, అప్పుడే కాదు' అని. బడి మూతబడిన రోజున ఆ సాకు పోయింది. ఆ రోజుల్లో తల్లుల ఆందోళన అంటే ముఖ్యంగా ఇది. వాళ్లు దాన్ని మీటింగుల్లో చెప్పలేదు, ఇంట్లో మొగుడితో చెప్పారు, కొన్నిసార్లు దెబ్బలు తిన్నారు.

అందరి పరిస్థితీ ఒకటే అని చెప్పడం లేదు. కోస్తాలో దూదేకుల పిల్లవాడికి ఇంటి భాషా బడి భాషా తెలుగే. వాడి కష్టం ఫోను లేకపోవడం, మధ్యాహ్నం బడిలో వండిపెట్టే భోజనం ఆగిపోవడం. కర్నూలు, కడపల్లో ఉర్దూ బడి పిల్లల కష్టం హైదరాబాదు పిల్లల కష్టానికి దగ్గర. ముస్లింలంటే ఒక ముద్ద అనుకునేవాళ్లకు ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

2021 ఏప్రిల్, మే నెలల్లో రెండో ఉప్పెన వచ్చింది. దాని గురించి ఎక్కువ రాయలేను. 2020 ఏప్రిల్ నుంచి 2022 జనవరి దాకా, కరోనా వల్లనయినా వేరే కారణం వల్లనయినా, తల్లినో తండ్రినో ఇద్దరినీనో పోగొట్టుకున్న లేదా వదిలేయబడ్డ పిల్లలు దేశంలో 1,47,492 మంది అని జాతీయ బాలల హక్కుల కమిషన్ సుప్రీంకోర్టుకు చెప్పింది. 1918లో ఆ పిల్లలను ఎవరూ లెక్కపెట్టలేదు.

సెప్టెంబరు 1న తెలంగాణలో బడులు తెరిచారు. హైకోర్టు అభ్యంతరంతో గురుకులాలు మాత్రం ఇంకా కొన్నాళ్లు తెరుచుకోలేదు. మన ఆడపిల్లల్లో హాస్టలు దాకా వచ్చినవాళ్లు ఆఖరున లోపలికి వెళ్లారు. 2022 జనవరిలో మళ్లీ మూసి ఫిబ్రవరి 1న తెరిచారు. తల్లులు యూనిఫాంలు తీస్తే ఒక్కటీ పట్టలేదు, పిల్లలు రెండేళ్లు పెరిగారు.

అదే వారంలో, ఫిబ్రవరి 5న, పక్క రాష్ట్రం కర్ణాటకలో ప్రభుత్వం యూనిఫాం ఉత్తర్వు ఇచ్చింది. ఉడుపిలో మొదలైన గొడవ రాష్ట్రమంతా పాకింది. హిజాబుతో వచ్చిన పిల్లలను గేటు దగ్గర ఆపారు. గొడవ ముదిరి బడులు, కాలేజీలు కొన్ని రోజులు మూసేశారు. ఈసారి రోగం లేదు. మార్చి 15న అక్కడి హైకోర్టు నిషేధాన్ని సమర్థించింది, అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. రాయచూరులో, బళ్లారిలో మన కర్నూలు, మహబూబ్‌నగర్ కుటుంబాలకు వియ్యాలున్నాయి. ఫోన్లు చేసుకున్నారు. హిజాబు కావాలా వద్దా అన్నది మన ఆడపిల్లలు తేల్చుకోవాల్సిన సంగతి, దాని మీద మనలో మనకు తగాదా ఉంది, ఉండాలి కూడా. కానీ రెండేళ్లు మూతబడ్డ గేటు తెరుచుకున్నాక బ్యాగు తగిలించుకుని వచ్చిన పిల్లలు వాళ్లు. చదువు వద్దనుకున్నవాళ్లయితే ఆ గేటు దగ్గర నిలబడి ఏడుస్తారా?

ఆ ఫిబ్రవరిలో యాకుత్‌పురా, తలాబ్‌కట్టా గల్లీ బడుల్లో మూడో తరగతి గదుల్లో కూర్చున్నది 2020లో ఒకటో తరగతి నుంచి ఇళ్లకు వెళ్లిపోయిన పిల్లలు. మధ్యలో ఏమీ చదవకుండానే రెండు క్లాసులు ఎక్కారు. ఇంట్లో ఉర్దూ, బోర్డు మీద తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. మూడు లిపులూ మరిచిపోయారు. గేటు దగ్గర తల్లులు టీచర్లను ఆపి అడిగింది ఒకటే: అలిఫ్ బే నుంచి మొదలుపెట్టమంటారా, అ ఆల నుంచా, ఏబీసీడీల నుంచా? సాయంత్రం ఇంట్లో కూర్చోబెడతాం, ఏది ముందో చెప్పండి అని.